బ్యాక్టీరియా రంగు: అద్దకం వాళ్లని ముందే పిలవాలా, రంగు కుదిరాక పిలవాలా?

పెరుగుగిన్నె:
నేను సూక్ష్మజీవుల ల్యాబ్‌లో పనిచేస్తాను. వయొలాసీన్ అనే ఊదా రంగుని తయారుచేసే బ్యాక్టీరియాని పెంచి, ఆ రంగుతో గుడ్డ ముక్కలు అద్దాం. పట్టు మీద బాగా ఎక్కింది, నూలు మీద పలచగా వచ్చింది. వచ్చే నెల పెడన వెళ్లి కలంకారీ అద్దకం వాళ్లతో కూర్చోవాలని ఆలోచన. ఇక్కడే మాలో మాకు పడటం లేదు. రంగు పూర్తిగా కుదిరాక వెళ్దాం, ఊరికే వాళ్ల టైం ఎందుకు తినడం అని కొందరు. కుదరకముందే అడగాలని నేను. ఇంగ్లండ్‌లో కలరిఫిక్స్ అనే కంపెనీ చక్కెర తిని రంగు చేసే బ్యాక్టీరియాని నేరుగా మిల్లుల్లోకే తీసుకెళ్తోంది. మనవి మిల్లులు కావు కదా, పాకలు. మీరేమంటారు?

కాలువగట్టు:
మాది పెడనే. ముందే రండి. కానీ ఒక మాట. ఇంతకుముందు కూడా ఎవరో వచ్చారు, "పర్యావరణహిత రంగులు" అని బ్యానర్ కట్టారు. టీ, బిస్కెట్లు, హాజరు పట్టీలో సంతకాలు, గ్రూప్ ఫోటో. మా నాన్న గంటసేపు నీళ్ల గురించి చెప్పాడు. ఒక్కరూ రాసుకోలేదు. మళ్లీ రాలేదు. ఈసారి మీటింగ్ అంటే ఆయన లుంగీ కూడా మార్చుకోడు.

రాత్రిడ్యూటీ:
ఆసుపత్రి ల్యాబ్‌లో ఉంటాను కాబట్టి అడుగుతున్నా, ఏ బ్యాక్టీరియా? ఎర్ర రంగు కోసం సెరేషియా మార్సెసెన్స్ వాడతారని చదివాను. అది మాకు ఐసీయూలో తగిలే రకం. 1950లో అమెరికా నౌకాదళం శాన్‌ఫ్రాన్సిస్కో మీద దాన్నే చల్లింది, హాని చెయ్యదు, ఎర్రగా ఉంటుంది కాబట్టి ఎక్కడ పడిందో తెలుస్తుంది అని. తర్వాత అక్కడ ఒక ఆసుపత్రిలో 11 మందికి అదే ఇన్ఫెక్షన్ వచ్చింది, ఒకరు పోయారు. చల్లినదే కారణమని కోర్టులో రుజువు కాలేదు, అది వేరే సంగతి. పిల్లలు తిరిగే పాకలో ఇలాంటివి పెడతారా?

పెరుగుగిన్నె:
పెట్టం. మాది ఆ రకం కాదు. అయినా బ్యాక్టీరియాని ల్యాబ్‌లోనే చంపి, రంగు ఒక్కటే తీసి, పొడి చేసి తెస్తాం.

కాలువగట్టు:
అదీ అసలు విషయం. పొడి.

మా నలుపు ఎలా వస్తుందో చెప్తాను. కుండలో తుప్పు పట్టిన మేకులు, పాత ఇనుప ముక్కలు, తాటిబెల్లం, నీళ్లు. మూత పెట్టి వదిలేస్తాం. రెండు మూడు వారాలకి నురగ కట్టి పుల్లటి వాసన కొడుతుంది. నాన్న వేలు ముంచి, కరక్కాయ పెట్టిన గుడ్డ పీలిక మీద గీస్తాడు. వేలి మీద నీళ్లలా ఉన్నది గుడ్డ మీద నల్లగా తేలిందా, కసిమి, అంటే ఆ నలుపు, సిద్ధమైనట్టు. లేదంటే ఇంకో నాలుగు రోజులు. ఆ కుండలో పులిసేదంతా మీ సూక్ష్మజీవుల పనే కదండీ! ఎవరూ మాకు పేటెంట్ చూపించలేదు, ఎవరి దగ్గరా కొనలేదు.

ఎరుపు సంగతి అలా కాదు. ఒకప్పుడు చిరివేరు, ఇప్పుడు చాలాచోట్ల డబ్బాలో వచ్చే అలిజరిన్. 1868లో జర్మనీలో ల్యాబ్‌లో చేశారు దాన్ని. ఆ తర్వాత వేరు తవ్వేవాళ్లు పోయారు, మేం డబ్బా కొనేవాళ్లమయ్యాం. మీ ఊదా పొడి కూడా డబ్బాలోనే వస్తే మాకు మారేది డబ్బా మీద బొమ్మే.

బిల్లుపుస్తకం:
బట్టల వ్యాపారిగా నా గోల నాది. కొనేవాడు బ్యాక్టీరియా అడగడు, రిపోర్టు అడుగుతాడు. ఉతికితే పోతుందా, రుద్దితే అంటుతుందా, ఎండకి వెలుస్తుందా. 1994లో జర్మనీ ఏజో రంగులనే కృత్రిమ రంగుల్లో కొన్నిటిని నిషేధించినప్పటి నుంచి రసాయనాల పరీక్ష లేకుండా సరుకు కదలదు. వయొలాసీన్ ఎండకి ఆగదంటారు, నిజమేనా? ఇంకోటి, దీన్ని "సహజ రంగు" అని బిల్లులో రాయొచ్చా?

పెరుగుగిన్నె:
ఎండ విషయం నిజమే, అదే మా టెన్షన్. సహజం అనే మాటకి నా దగ్గర జవాబు లేదు. మార్పు చెయ్యని బ్యాక్టీరియా అయితే నేను సహజమనే అంటాను. జన్యువులు మార్చినదైతే వేరే కథ, అలాంటి జీవుల కోసం మన దేశంలో ఉన్న 1989 నిబంధనల కింద అనుమతులు కావాలి. బతికున్నదాన్ని పాకలో కుండలో పెంచుకోమని ఇవ్వడం కుదరదు. కాలువగట్టు గారూ, మీరు చెప్పిన డబ్బా సమస్య అక్కడే బిగుసుకుంటుంది. ఒప్పుకుంటున్నా.

బిల్లుపుస్తకం:
ఇంకో రంగు ఉందట కదా, పులుపు తగిలితే ఎర్రగా, సబ్బు తగిలితే నీలంగా మారేది? పెళ్లి భోజనంలో పప్పుచారు పడితే చీర కొత్త డిజైన్ అవుతుంది.

పెరుగుగిన్నె:
ఆక్టినోరోడిన్. అవును, అలాగే మారుతుంది. మేం ముట్టుకోలేదు 🙂

నూలుకండె:
పోచంపల్లి దగ్గర మాది. మీరంతా కొత్త రంగు గురించే కొట్టుకుంటున్నారు. మాకు కావాల్సింది రంగు కాదు. నీలిమందు నీళ్లలో కరగదు, కరిగేలా చెయ్యాలి. పాతకాలంలో సున్నం, ఉడకబెట్టిన తంటెం గింజలు వేసి తొట్టిని పులియబెట్టేవాళ్లు. కరిగించే పని అందులోని బ్యాక్టీరియాదే. ఇప్పుడు హైడ్రోస్ అనే రసాయనం వేస్తే నిమిషాల్లో అయిపోతుంది, కానీ ఆ ఘాటుకి మా మేనమామ ముక్కుకి తువ్వాల కట్టుకుని నూలు చిలపలు ముంచుతాడు. పులిసే తొట్టి మీద మాకు ప్రేమ లేక కాదు మానేసింది. ఒక రోజు పచ్చగా తిరిగి బాగుంటుంది, చలి పడితే చచ్చిపోతుంది, మందంతా వృథా. చలికాలంలో కూడా తొట్టి చావకుండా చూసే తోడు ఏదైనా ఇవ్వగలరా? పెరుగు తోడులా, ఒకసారి ఇస్తే మేమే పెంచుకునేది. అది చెయ్యండి, నేనే నలుగురిని పోగేస్తా.

పెరుగుగిన్నె:
అక్కా, ఇది మా ప్రపోజల్‌లో ఎక్కడా లేదు. నీలితొట్టిలో పనిచేసేవాటికి జన్యుమార్పు కూడా అక్కర్లేదు. మా మేడమ్‌కి ఈ పోస్టు యథాతథంగా చూపిస్తాను.

రాత్రిడ్యూటీ:
తొట్టిలో ఏముందో ఒకసారి పరీక్ష చేసి చెప్పండి. అప్పుడు నేనూ నోరు మూస్తా.

కాలువగట్టు:
సరే, పెడనకీ రండి. కానీ వచ్చే నెల వద్దు, కాలువ కట్టేసి ఉంటుంది. పటిక అద్దాక ఎక్కువైనది పారే నీళ్లలో పోవాలి, లేకపోతే ఎర్ర రంగు గిన్నెలో వేసిన వెంటనే తెల్లగా ఉండాల్సిన చోటంతా ఎర్రబడుతుంది. నీళ్లు వదిలాక రండి, కరక్కాయ పెట్టిన గుడ్డ పది మీటర్లు నేనిస్తా. బ్యానర్ వద్దు. అన్నట్టు, మేం ఉడకబెట్టేది రాగి గిన్నెలో. రాగిలో మీ ఊదా ఏమవుతుందో చూశారా?

పెరుగుగిన్నె:
లేదు. అంతా గాజు బీకర్లోనే చేశాం.

కాలువగట్టు:
చూసుకుని రండి.