అప్‌డేట్: నా పాత్ర ధర్మసంకటం పాఠకులకు అందడం లేదన్న సమస్య తీరింది

అన్న దొంగలెక్కలు రాశాడని తెలిసిన చెల్లెలు, ఆ సంగతి బయటపెట్టాలా వద్దా అని నలిగిపోయే నా నవల గురించి ఇంతకుముందు ఇక్కడ అడిగాను. పేజీలకు పేజీలు అంతర్మథనం రాసినా, "చివరికి చెప్పేస్తుందని ముందే తెలిసిపోతోంది" అన్నారు చదివినవాళ్లు. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పనిచేసింది, మౌనానికి కూడా గౌరవించదగ్గ కారణం ఇవ్వమన్న సలహా. అంతవరకు ఆమెను ఆపుతున్నది భయం ఒక్కటే. భయానికీ నిజాయితీకీ పోటీ పెడితే ఎవరు గెలవాలో పాఠకుడు మొదట్లోనే తేల్చేసుకుంటాడు. ఇప్పుడు కథలో, ఆ దొంగలెక్కలతో వచ్చిన డబ్బుతోనే అన్న ఆమెను చదివించాడు, ఎవరికీ చెప్పనని ఆమె మాట కూడా ఇచ్చింది. మరోపక్క, ఆ లెక్కల నింద మీదపడి ఉద్యోగం పోగొట్టుకోబోతున్న గుమస్తా ఉన్నాడు. ఏ బాధ్యత నిలుపుకున్నా రెండోది తెగుతుంది. ఇది కుదిరాక స్వగతం చాలావరకు అనవసరమైపోయింది. గుమస్తా ఎదురైతే ఆమె చూపు తిప్పుకోవడం, అన్న ఫోన్ చేస్తే ఎత్తకపోవడం చాలు. ఆ లెక్కల మీద విచారణకు తేదీ పెట్టడం కూడా కలిసొచ్చింది, నిర్ణయం వాయిదా వేసే వీలు పోయింది.

కథను ఉత్తమ పురుషలోకి, అంటే ఆమే "నేను" అంటూ చెప్పేలా, మార్చి చూశాను, తేడా రాలేదు. చిన్ననాటి గాయం, పీడకలలు చేర్చడం కూడా ఈ సమస్యకు మందు కాదు. ముగింపులో ఆమె నిజం చెబుతుంది, అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు ఆగిపోతాయి. వాళ్లను మళ్లీ కలపలేదు.