ఉద్దానం కిడ్నీ సమస్య: మన ఎమ్మెల్యేలు నిజంగా ఏం చేశారు? మీరు చూసింది చెప్పండి

కవిటి_కుర్రోడు:
అందరికీ నమస్కారం. మన శ్రీకాకుళం తీరంలో ఉద్దానం ఊళ్లలో ఏళ్లుగా జనం కిడ్నీలు పాడైపోతున్న విషయం అందరికీ తెలిసిందే కాబట్టి ఉపోద్ఘాతం లేదు. అడిగేది రెండే. ఇచ్ఛాపురం, పలాస వైపు ఎమ్మెల్యేలుగా చేసినోళ్లు కిడ్నీ జబ్బు విషయంలో ఊళ్లో జనానికి పనికొచ్చేది ఏం చేశారు, మీరు కళ్లారా చూసింది చెప్పండి. రెండోది, హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో తెచ్చే తాగునీళ్లు మీ ఊరి కొళాయిలో వస్తన్నాయా లేదా. పార్టీ గొడవలొద్దు ప్లీజ్.

బారువ_బీచ్:
పార్టీలొద్దంటే ఇంకేటి మాటాడుకోమంటావు బాబూ. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చేదాకా హైదరాబాద్ టీవీలోళ్లకి ఉద్దానం పక్క చూపు లేదు. రవిరాజు గారు లాంటి కిడ్నీ డాక్టర్లు అంతకి ఎన్నో ఏళ్ల ముందునుంచి మొత్తుకుంటన్నారు, ఎవడిన్నాడు? ఎమ్మెల్యేలు మనోళ్లే కదా, వాళ్లకి తెలీదా? ప్రతి ఊళ్లో చావుకి వచ్చి కూర్చుని వెళ్లిపోయేవోళ్లు.

సుజలధార_ఫ్యాన్:
పనయింది ఎవరి టైంలోనో చెప్పడానికి నోరు రాదేం? 2019 సెప్టెంబర్‌లో పలాస ఆసుపత్రికి శంకుస్థాపన, 2023 డిసెంబర్ 14న 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 700 కోట్ల హిరమండలం నీళ్ల ప్రాజెక్టు ఒకేరోజు ప్రారంభం. అప్పటి పలాస ఎమ్మెల్యే సీదిరి అప్పలరాజు గారు స్వయంగా డాక్టరు, మంత్రి కూడాను. ఇంకేం కావాలి?

బారువ_బీచ్:
ఇచ్ఛాపురంలో బెందాళం అశోక్ గారిని 2014, 2019, 2024 మూడుసార్లు గెలిపించారు మరి, జనం ఊరికే గెలిపిస్తారేటి? రెండు రూపాయలకి 20 లీటర్ల ఎన్టీఆర్ సుజల ప్లాంట్లు ఎవరి టైంలో వచ్చాయో అదీ చెప్పు.

కవిటి_కుర్రోడు:
నేనేం అడిగాను, మీరేం రాస్తున్నారు :(

పనసతోట_లక్ష్మి:
మీరిద్దరూ కాసేపు ఆగితే నా బాధ రాసుకుంటాను. మా నాన్నకి జబ్బు బయటపడేసరికే క్రియాటినిన్ (కిడ్నీ పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగే నంబరు) 3 దాటింది, ఇప్పుడు 4.8. డయాలసిస్ మొదలైతే నెలకి పదివేల పింఛను, డయాలసిస్ లేకపోతే క్రియాటినిన్ 5 దాటాలి. 4.8కి ఏమీ లేదు. జీడితోటలో పనికి వెళ్లలేడు, మెట్లెక్కితే ఆయాసం, కాళ్లు వాచిపోతున్నాయి, కానీ కాగితం మీద ఇంకా 5 కాలేదు. డాక్టరుగారేమో ఉప్పు తగ్గించు, పప్పు తగ్గించు, నంబరు పెరక్కూడదు అంటారు. నాన్నేమో మొన్న రిపోర్టు చేతిలో పట్టుకుని "ఇంకో రెండు పాయింట్లు రాలేదేటమ్మా" అన్నాడు. ఆ మాటకి ఏం చెప్పాలో మీలో ఎవరికైనా తెలుసా? ఎమ్మెల్యే ఆఫీసుకి వెళ్తే "రూలు అలా ఉందమ్మా, మేమేం చేస్తాం" అన్నారు. రూల్సు చేసే సభకి పంపింది మీరేం చేస్తాం అనడానికా?

సోంపేట_సూరిబాబు:
లక్ష్మమ్మా, మా బావమరిదికి ప్రైవేటు ల్యాబులో 5.3 వచ్చింది, వారం తిరక్కుండా సర్కారు ఆసుపత్రిలో చేయిస్తే 4.6. పింఛను పోయింది. ఈ ల్యాబులన్నీ దొంగ ల్యాబులు. డబ్బులిస్తే ఎంత కావాలంటే అంత రాసిస్తారు.

ల్యాబ్_మాస్టర్:
సూరిబాబు గారూ మాటలు జాగ్రత్త. ఇరవై ఏళ్ల పైబడి ఈ ఫీల్డులో ఉన్నవాడిని, విశాఖలో పెద్ద ల్యాబు నడిపినవాడిని. క్రియాటినిన్ ఎన్ని పద్ధతుల్లో చేస్తారో మీకు తెలుసా? జాఫే పద్ధతి ఉంటుంది, ఎంజైమ్ పద్ధతి ఉంటుంది, రెండింటికీ తేడా వస్తుంది. ముందురోజు రాత్రి మాంసం తిన్నా, నీళ్లు సరిగ్గా తాగకపోయినా, ఎండలో పనిచేసి వచ్చి రక్తమిచ్చినా మారుతుంది. మిషను కాలిబ్రేషన్ ఒకటి. తెలీకపోతే అడగండి, దొంగలనకండి.

సోంపేట_సూరిబాబు:
అంటే ఎండలో పనిచేసి వచ్చి ఇస్తే పింఛనొస్తాది, నీడలో కూకుని ఇస్తే రాదంటావు. బాగుంది నీ సైన్సు.

ల్యాబ్_మాస్టర్:
నేనన్నది అది కాదు. 4.6కీ 5.3కీ కిడ్నీ పరిస్థితిలో పెద్ద తేడా లేదు, రెండూ చివరి దశ దగ్గరవే. వయసు, ఆడా మగా చూసి జీఎఫ్ఆర్, అంటే కిడ్నీ రక్తాన్ని ఎంత వడకడుతోందో ఆ లెక్క కడితే తెలుస్తుంది. 45 కిలోల ముసలామెకి 4 వచ్చినా కిడ్నీ పోయినట్టే, 75 కిలోల కుర్రోడికి అదే 4 అయితే ఇంకాస్త మిగిలున్నట్టు. ఒక్క నంబరుతో గీత గీసినోళ్లని అడగండి, ల్యాబుల్ని ఎందుకు తిడతారు.

కొబ్బరాకు:
మాస్టరుగారు ఇన్నాళ్లకి ఒక పనికొచ్చే ముక్క చెప్పారు. జీఎఫ్ఆర్ ప్రకారం ఇవ్వాలని ఏ ఎమ్మెల్యేయైనా అసెంబ్లీలో అడిగాడా?

సోంపేట_సూరిబాబు:
ఇన్నాళ్లకి ఏటి, మా బావమరిదికి పోయిన పింఛను ఆయన తెస్తాడా. ల్యాబులు దొంగవే. మళ్లీ అంటన్నాను.

ల్యాబ్_మాస్టర్:
మోడరేటర్ గారూ ఇతన్ని చూడండి.

మోడరేటర్:
సూరిబాబు గారు, అందర్నీ కలిపి తిట్టొద్దు. మాస్టరుగారు, మీరూ ఊరుకోండి.

నల్గొండ_మల్లేశ్:
అన్నా మధ్యల వస్తున్న ఏమనుకోకుండ్రి. మాది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్లతోని మా నాయినమ్మ నడుము వంగి పాయె, మళ్ల లేవలే. మాకు లీడర్లు మస్తుమంది, నీళ్లు మాత్రం లేవు. 1996ల నల్గొండ ఎంపీ ఎన్నికల 480 మంది పోటీల నిలబడ్డరు యాదికుందా? నీళ్లియ్యమని చెప్పనీకే గా నామినేషన్లు. బ్యాలెట్ పేపర్ పుస్తకం లెక్క అచ్చేయాల్సొచ్చింది. దేశమంత నల్గొండ దిక్కు చూసింది. మీరు గూడ గట్ల ఏమన్న చెయ్యుండ్రి, ఒక్కొక్క ఎమ్మెల్యే ఆఫీసు చుట్టు తిరుగుడు దండుగ.

బారువ_బీచ్:
మల్లేశన్నా మాకు చేయడం తెలీదనుకోకు. 2010లో సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటొద్దని కూర్చుంటే కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. ప్లాంటు ఆగింది. అప్పుడు కూడా ముందు నిలబడింది రైతులు, మత్స్యకారులు.

నల్గొండ_మల్లేశ్:
గది ఎరుకనే అన్నా. దండం.

కొబ్బరాకు:
తిత్లీ తుపాను గురించి కూడా ఎవరైనా ఎత్తుతారేమో అని చూస్తన్నాను, 2018లో కొబ్బరి చెట్లన్నీ పోయాక మావోళ్లు ఎండలో కూలికి వెళ్లడం ఎక్కువైపోయింది, నీడ లేదు, చెంబుడు నీళ్లు తాగి పొద్దంతా పని, ఆ తర్వాత ఒళ్లునొప్పులకి నొప్పి బిళ్లలు, మరి కిడ్నీలు ఉంటాయా? నీళ్లు నీళ్లు అంటారు గానీ నిజంగా నీళ్లేనని తేల్చినోడు లేడు. సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, వంశపారంపర్యం అన్నారు. శ్రీలంకలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో కూడా ఇదే జబ్బు, అక్కడా కారణం పూర్తిగా తేలలేదు.

ఆర్ఎంపీ_గారబ్బాయి:
నొప్పి బిళ్లలంటే మళ్లీ మా నాన్నలాంటోళ్ల మీదకే కదా. అర్ధరాత్రి జ్వరమొస్తే పీహెచ్‌సీ తలుపు తీసుందా? మా నాన్న సైకిలేసుకుని వచ్చేవాడు.

కొబ్బరాకు:
మీ నాన్న మంచోడే బాబు. ఆ డైక్లోఫెనాక్ నొప్పి సూది కిడ్నీకి మంచిది కాదు.

మాజీ_పీఏ:
ఇంతసేపు చదివి ఊరుకుందామనుకున్నాను, ఆగలేక రాస్తున్నాను. ఒక ఎమ్మెల్యేగారి దగ్గర (ఏ జిల్లా, ఏ పార్టీ అడక్కండి) పీఏగా చేశాను. జనం అనుకున్నట్టు పని అసెంబ్లీలో అరిస్తే అవదు. చుక్కగుర్తు ప్రశ్న వేస్తే మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు, అసలు బలం అక్కడుంది. చుక్క లేని ప్రశ్నకి కాగితం మీద జవాబొస్తుంది: (అ) ఔనండి, (ఆ) ప్రతిపాదన పరిశీలనలో ఉందండి. అంతే, ఫైలు మూసేస్తారు. జీరో అవర్‌లో మాట్లాడింది యూట్యూబ్‌లో పెట్టుకోవడానికి బాగుంటుంది. లక్ష్మిగారి నాన్నగారి విషయంలో పని జరగాలంటే పింఛను జీవో మార్చాలి, దానికి ఎమ్మెల్యే సెక్రటేరియట్‌లో ఆ సెక్షన్ చుట్టూ తిరగాలి, ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. ఆ తిరుగుడుకి ఫొటో రాదు, ఓటు రాదు. చాలామంది తిరగరు, తిరిగినోళ్ల పేరు మీకు తెలీదు. ఆసుపత్రి అభివృద్ధి కమిటీకి చాలాచోట్ల ఎమ్మెల్యేనే చైర్మన్, ఆ మీటింగు పెట్టించండి ముందు. జనరేటర్‌కి డీజిల్ ఉందా, ఆర్ఓ ప్లాంటు ఫిల్టర్లు మార్చారా, టెక్నీషియన్ సెలవు పెడితే ఎవరొస్తారు, ఇవన్నీ అక్కడ అడగొచ్చు. మిషన్లు ఎన్నున్నా కరెంటు పోతే మనిషి రక్తం ట్యూబులోనే ఉండిపోతుంది, చేత్తో తిప్పాలి. నేను చూశాను.

సుజలధార_ఫ్యాన్:
పీఏగారూ మీరు ఏ పార్టీయో అర్థమైంది లెండి.

మాజీ_పీఏ:
దీంట్లో పార్టీ ఎక్కడ కనపడింది నాయనా నీకు? సీఎంఆర్‌ఎఫ్ (ముఖ్యమంత్రి సహాయ నిధి) చెక్కులు కూడా అంతే, ఒరిజినల్ బిల్లులు లేకుండా వచ్చి లెటర్ ఇవ్వమంటారు, ఇవ్వకపోతే ఫలానా పార్టీ అంటారు. బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ పారేయకండి, ముందు జిరాక్సులు తీసి పెట్టుకోండి.

పనసతోట_లక్ష్మి:
పీఏగారూ, ఆ జీవో మార్చమని అర్జీ ఎలా రాయాలో పెడతారా? ఊళ్లో 4 దాటి 5 లోపు ఉన్నవాళ్లం చాలా ఇళ్లవాళ్లం ఉన్నాం, అందరం సంతకాలు పెడతాం. ల్యాబ్ మాస్టరుగారూ, మీరు ఆ జీఎఫ్ఆర్ సంగతి కూడా రెండు లైన్లు రాసివ్వండి, సూరిబాబు గారి మీద కోపం నామీద చూపించకండి.

ల్యాబ్_మాస్టర్:
రాసిస్తానమ్మా. నాన్నగారి వయసు, బరువు, చివరి మూడు రిపోర్టులు తేదీలతో మెసేజ్ చెయ్యండి.

సోంపేట_సూరిబాబు:
మా బావమరిది రిపోర్టులు కూడా పంపనా మాస్టరూ?

ల్యాబ్_మాస్టర్:
పంపు. రెండు ల్యాబులవీ పంపు.

కవిటి_కుర్రోడు:
నీళ్ల సంగతి ఒక్కరూ చెప్పలేదు ఇంకా. మా ఊళ్లో వస్తన్నాయి, రోజు విడిచి రోజు. పెద్దోళ్లు మాత్రం ఇప్పటికీ బావి నీళ్లే రుచి అని తాగుతున్నారు.

హైదరాబాద్_నుంచి_పలాసోడు:
సారీ, దీనికి సంబంధం లేదు గానీ. మా అమ్మని సంక్రాంతికి ఊరు తీసుకొస్తున్నాను, ఇక్కడ వారానికి మూడు డయాలసిస్‌లు నడుస్తున్నాయి. పలాసలోగానీ సోంపేటలోగానీ ఆ వారం స్లాట్ ఇస్తారా?

పనసతోట_లక్ష్మి:
పండక్కి ఊరొచ్చేవాళ్లు ఎక్కువ, రద్దీ ఉంటుంది తమ్ముడూ, ఇప్పుడే ఫోన్ చేసి అడిగిపెట్టుకో. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి రిపోర్టులు కొత్తవి కావాలంటారు, పాతవైతే మళ్లీ చేయిస్తారు, ఆ రోజు వృథా అవుతుంది. చివరి డయాలసిస్ కాగితం, అమ్మ డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు) ఎంతో రాయించుకుని రా. దారిలో ఎక్కడైనా బీపీ చూస్తే ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన నరం) ఉన్న చేతికి కట్టు కట్టనివ్వకు.