క్రీడలు ముగిశాక ఆతిథ్య నగరానికి మిగిలేది ఏమిటి?

ప్రశ్న:
ఒలింపిక్స్, కామన్వెల్త్ క్రీడల వంటి పోటీలకు ఆతిథ్యమిచ్చిన నగరాల్లో కొన్ని బాగుపడ్డాయని, మరికొన్ని అప్పుల పాలయ్యాయని చదువుతుంటాము. ఈ తేడా ఎక్కడ వస్తోంది? టిక్కెట్ల ఆదాయం, పర్యాటకుల రాక వంటి అంచనాలను పక్కనపెట్టి, నగరం ఆతిథ్యం కోసం పోటీకి దిగకముందే ఫలితాన్ని పసిగట్టగల గీటురాయి ఏదైనా ఉన్నదా?

సమాధానం 1:
ఉన్నదనే నా అభిప్రాయం. పోటీల తరువాత ప్రతి కట్టడాన్నీ ఎవరు వాడుకుంటారో, దాని నిర్వహణ భారం ఎవరు మోస్తారో ముందే తేలిందా అన్నదే ఆ గీటురాయి. 1976 ఒలింపిక్స్ కోసం మాంట్రియల్ తలపెట్టిన ప్రధాన స్టేడియం పోటీల నాటికి పూర్తి కానేలేదు. దాని వాలు గోపురం 1987లో గాని సిద్ధం కాలేదు. అప్పు 2006లో తీరింది, అదీ పొగాకుపై వేసిన పన్ను ఆసరాతో. ఒలింపిక్స్‌కు నష్టం రావడం మగవాడు బిడ్డను కనడమంత అసంభవమని అప్పటి మేయర్ ధీమాగా ప్రకటించి ఉండటం వేరే సంగతి. మాంచెస్టర్ మాత్రం స్టేడియాన్ని తరువాత ఎవరు వాడుకుంటారో ముందే తేల్చుకుంది. 2002 కామన్వెల్త్ క్రీడల స్టేడియం నిర్మాణం మొదలుకాకముందే మాంచెస్టర్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్బుతో అవగాహనకు వచ్చి, పోటీలు ముగియగానే పరుగు పందేల ట్రాక్‌ను తొలగించి, మైదానాన్ని మరింత లోతుకు తవ్వి, కొత్త వరుస ఆసనాలు చేర్చి 2003లో క్లబ్బుకు అప్పగించింది. లండన్‌లో ఆ నిర్ణయం 2012 పోటీల తరువాతకు జారిపోవడంతో, స్టేడియాన్ని ఫుట్‌బాల్‌కు అనువుగా మార్చడానికే 30 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చయింది.

సమాధానం 2:
స్టేడియాలతో మాత్రమే తూచడం సరికాదు. 1992లో బార్సిలోనా వెచ్చించిన సొమ్ములో అధిక భాగం వలయ రహదారులకు, సముద్రతీరానికి, పాత పారిశ్రామిక వాడ పునర్నిర్మాణానికి వెళ్ళింది. నగరం ఎంతో కాలంగా కోరుకుంటున్న పనులకు ఆ క్రీడలు తప్పించుకోలేని గడువు విధించాయి. ఏథెన్స్‌ను చూడండి: 2004 ఒలింపిక్స్‌కు ముందు వచ్చిన మెట్రో, కొత్త విమానాశ్రయం నేటికీ నగరానికి ఉపయోగపడుతుండగా, పాత విమానాశ్రయ స్థలంలో కట్టిన సాఫ్ట్‌బాల్, హాకీ మైదానాలు పాడుబడ్డాయి. ఆ నగరాన్ని లాభపడిన వాటిలో చేర్చాలో, నష్టపోయిన వాటిలో చేర్చాలో ఒక్క మాటలో చెప్పలేము.

సమాధానం 3:
పై ఇద్దరూ వదిలేసిన అంశం బేరమాడే శక్తి. మాంట్రియల్ అనుభవంతో నగరాలు జంకడం, టెహ్రాన్ తప్పుకోవడంతో 1984 ఒలింపిక్స్‌కు లాస్ ఏంజెలెస్ ఒక్కటే మిగిలింది. అందువల్లనే నష్టాన్ని నగర ఖజానా భరించదని షరతు పెట్టగలిగింది. 1932 ఒలింపిక్స్ జరిగిన స్టేడియాన్నే మళ్ళీ వాడుకొని 20 కోట్ల డాలర్లకు పైగా మిగుల్చుకుంది. నేడు పరిస్థితి మళ్ళీ అటువంటిదే. 2022 కామన్వెల్త్ క్రీడల ఆతిథ్యం డర్బన్ చేజారి బర్మింగ్‌హామ్‌కు చేరింది. 2026 క్రీడల నుంచి ఖర్చు కారణంగా ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2023లో వైదొలగింది. వాటిని అందుకున్న గ్లాస్గో 10 క్రీడాంశాలను నాలుగు వేదికలకు కుదించి, క్రీడాకారుల బసకు కొత్త క్రీడాగ్రామం ఊసే లేకుండా ఒప్పించగలిగింది. కనుక ముందుకు వచ్చే నగరం స్టేడియాల నమూనాల కంటే ముందు ఒప్పందపత్రంలో లోటును ఎవరు పూడ్చాలని రాసి ఉన్నదో చదువుకోవాలి.