చికున్‌గున్యా పోయింది, నొప్పులు పోలేదు: తప్పు మా అమ్మదేనా?

కృష్ణాతీరం:

పోయిన సెప్టెంబరులో మా ఇంట్లో ఒకే వారంలో ఇద్దరికి చికున్‌గున్యా వచ్చింది. మా వదినకి 27 ఏళ్లు. పన్నెండు రోజుల్లో లేచి స్కూలుకి పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయింది. మా అమ్మకి 54. ఏడు నెలలు దాటినా పొద్దున లేవగానే గుప్పిట మూయలేకపోతోంది. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి నన్ను పిలుస్తుంది. గంటన్నర గడిస్తే గానీ వేళ్లు వదులు కావు.

ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానిదీ ఒకటే మాట. "జ్వరం తగ్గీ తగ్గగానే పనుల్లో పడింది, గోంగూర తింది, అందుకే నొప్పులు ఒంట్లో ఉండిపోయాయి." అమ్మ అది నమ్మేసింది. తన వల్లే ఇలా అయిందని మొన్న కళ్లనీళ్లు పెట్టుకుంది. అందుకే ఈ చర్చ పెడుతున్నాను.

ఎవరికి నొప్పులు మిగులుతాయన్నది చాలావరకు జబ్బు వచ్చిన రోజే తేలిపోతుందని నా వాదన. 2005-06లో హిందూ మహాసముద్రంలోని రియూనియన్ దీవిలో జనాభాలో దాదాపు మూడో వంతుకి చికున్‌గున్యా వచ్చింది. అక్కడ జబ్బు వచ్చిన 147 మందిని 15 నెలల తర్వాత వాకబు చేస్తే 57 శాతం మంది ఇంకా కీళ్లనొప్పులు ఉన్నాయనే చెప్పారు. అలా మిగిలినవాళ్లలో మూడు సంగతులు ఎక్కువగా కనిపించాయి: వయసు 45 దాటడం, మొదటి రోజుల్లోనే నొప్పి తీవ్రంగా ఉండటం, అంతకుముందే కీళ్ల అరుగుదల ఉండటం. మా అమ్మకి మూడూ ఉన్నాయి. మోకాళ్లు ఎప్పుడో అరిగాయి. జ్వరం వచ్చిన రెండో రోజే మంచం మీద నుంచి బాత్రూముకి ఇద్దరం మోసుకెళ్లాం. ఈ మూడింటిలో ఆవిడ చేతిలో ఉన్నది ఒక్కటైనా ఉందా చెప్పండి.

నల్లరేగడి:

కృష్ణాతీరం గారూ, అమ్మగారి పరిస్థితికి బాధగా ఉంది. కానీ మీరు చెప్పినదంతా ఒప్పుకోలేను.

మాది అనంతపురం జిల్లా. 2006లో ఊళ్లకు ఊళ్లే మంచమెక్కాయి. ఆ ఏడాది దేశం మొత్తం మీద దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు లెక్కకెక్కాయి. ఎక్కని వాళ్లు ఎంతమందో మా ఊరి మనిషిని నన్నడగండి. అప్పుడు నాకు 22 ఏళ్లు. అరిగిన కీళ్లు లేవు, షుగరు లేదు. జ్వరం దిగిన మూడో రోజే ఎద్దులు కట్టి సేద్యానికి పోయాను. పోకపోతే అదను తప్పుతుంది. ఆ తర్వాత రెండేళ్లు పొద్దున్నే మడమ నేల మీద పెడితే మేకు దిగినట్టుండేది. నాతోపాటే పడిపోయిన మా స్నేహితుడికి కిరాణా కొట్టు ఉంది. నెల రోజులు ఇంట్లో పడుకున్నాడు, పూర్తిగా లేచాడు. వయసే కారణమైతే మా ఇద్దరికీ ఇంత తేడా ఎందుకు?

విశ్రాంతి సంగతి పక్కన పెడితే కూలి జనానికి అన్యాయం చేసినట్టే.

కదలిక:

ఫిజియోథెరపిస్టుని. వానాకాలం తర్వాత మా దగ్గరికి వచ్చేవాళ్లలో చికున్‌గున్యా వాళ్లు ఎప్పుడూ కొందరుంటారు.

నల్లరేగడి అన్నా, మీ నొప్పి నిజం. కానీ ఇద్దరు మనుషుల పోలిక మీద తీర్పు చెప్పలేం. మీ స్నేహితుడికి మొదటి వారంలో నొప్పి ఎంత ఉందో మీకు తెలుసా? ఒంట్లో వైరస్ ఎంత చేరిందో ఎవరికీ తెలియదు. వయసు 45 దాటితే నొప్పి మిగిలే అవకాశం పెరుగుతుందంటే, 22 ఏళ్లవాడికి అసలు రాదని కాదు.

జ్వరం ఉన్నన్నాళ్లూ, కీళ్లు వాచి ఎర్రగా ఉన్నన్నాళ్లూ విశ్రాంతి తీసుకోవాలి. అందులో మీతో ఏకీభవిస్తాను. ఆ తర్వాత కూడా నెలలకు నెలలు కదపకుండా ఉంచితే వేళ్లు, మణికట్టు పట్టేస్తాయి. పోయిన ఏడాది ఒక పెద్దాయనకి కొడుకులు ప్రేమగా మూడు నెలలు అన్నం కూడా తినిపించారు. ఆయన చేతులు తెరుచుకోవడానికి అంతకు రెట్టింపు కాలం పట్టింది. గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి పది నిమిషాలు మెల్లగా ముడిచి తెరవడం, రోజుకి రెండు మూడు సార్లు. అంతకంటే పెద్ద వ్యాయామం మొదట్లో వద్దు.

ఇంకొక మాట. చాలా పరిశోధనల్లో మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువగా నొప్పులు మిగిలాయి. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లని "ఇంట్లో పని ఎవరు చేస్తున్నారమ్మా?" అని అడిగితే చాలామంది తల దించుకుంటారు. విశ్రాంతి తీసుకోలేదని ఆవిడని నిందించేవాళ్లు ఆ వారంలో వంట ఎవరు చేశారో కూడా చెప్పాలి.

సీతాఫలం:

పథ్యం సంగతి అంత తేలిగ్గా తీసేయకండి. మా నాయనమ్మ పులుపు, వంకాయ మానేశాకే నొప్పి తగ్గిందని చెప్పేది.

కదలిక:

మానితే హాయిగా ఉంటే మానొచ్చు సీతాఫలం గారూ. కానీ గోంగూర తింటే చికున్‌గున్యా నొప్పులు మిగులుతాయని చూపినవాళ్లు లేరు. యూరిక్ ఆసిడ్ వల్ల వచ్చే నొప్పుల పథ్యం దీనికి అంటగడుతున్నారు. అదీ ఇదీ మానేసి నీరసపడితే నష్టమే ఎక్కువ.

మందులకొట్టు:

ఇరవై ఏళ్లుగా కౌంటరు వెనక ఉన్నాను. నేను చూసిన అసలు ప్రమాదం గురించి ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు.

జ్వరం మొదటి రోజునే "గట్టి సూది" వేయించుకుంటారు. స్టెరాయిడ్ పడగానే మర్నాడు లేచి నడుస్తారు, ఆ డాక్టరు దేవుడైపోతాడు. వారం తిరక్కుండా నొప్పి ఇంకా గట్టిగా వస్తుంది, మళ్లీ సూది. షుగరు ఉన్నవాళ్లకి అది ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు. పైగా మొదట్లో డెంగీకీ దీనికీ తేడా తెలియదు. డెంగీ కాదని తేలేవరకు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు వద్దు, రక్తస్రావం భయం ఉంది. పారాసిటమాల్‌తో నెట్టుకురావాలి.

మొదట్లోనే బలమైన మందు పడితే తర్వాత నొప్పులు ఉండవన్నది మన నమ్మకం. రియూనియన్‌లోనే జబ్బు మొదట్లో మలేరియా మందు క్లోరోక్విన్ ఇచ్చి చూశారు. చిన్న ప్రయోగమే, 54 మంది. అప్పటికప్పుడు ఉపయోగం కనబడలేదు. 200వ రోజున అడిగితే క్లోరోక్విన్ వేసుకున్నవాళ్లలోనే కీళ్లనొప్పులు ఎక్కువున్నాయి. అది చదివిన రోజు నుంచి నేను "ముందు జాగ్రత్తగా" అని ఏ బిళ్లా చేతిలో పెట్టడం లేదు.

నల్లరేగడి:

కదలిక గారూ, మందులకొట్టు గారూ, రాత్రి రెండుసార్లు చదివాను. ఇద్దరి పోలికతో తేల్చలేమన్నది ఒప్పుకుంటాను. నాకు కూడా అప్పుడు రెండు సూదులు వేశారు. ఏం వేశారో ఈ రోజుకీ తెలియదు.

కానీ ఒక్క మాట వెనక్కి తీసుకోను. ఎవరికి నొప్పులు మిగులుతాయో ముందే తేలిపోతుందని చెప్పి వదిలేస్తే, మన చేతిలో ఏమీ లేదని జనం అనుకుంటారు. 45 దాటిన కూలి మనిషి, మోకాళ్లు అరిగిన మనిషి, మొదటి రోజే కదల్లేని మనిషి ఎవరో తెలిసినప్పుడు, ఆ మనిషికైనా పదిహేను రోజులు పని తప్పించాలి కదా. ఉపాధి పనికి పోకపోతే ఆ రోజు కూలి లేదు.

కృష్ణాతీరం:

అన్నా, మీరు సరిగ్గా అన్నారు. నా వాదనలో ఆ సగం లేదు. అమ్మది తప్పు కాదని చెప్పాలన్న తొందరలో, ముందే తెలిసే అవకాశం ఉండి కూడా మేం ఏం చేయలేదో చెప్పలేదు. మూడు ప్రమాద సూచనలూ మా కళ్ల ముందే ఉన్నాయి. అయినా "వయసు మీద పడింది, మెల్లగా తగ్గుతుంది" అనుకుంటూ ఆరో నెల దాకా కూర్చున్నాం. మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక దశ అంటారని, అప్పుడే కీళ్లవాత నిపుణుడికి చూపించాలని తెలియదు.

పోయిన నెల తీసుకెళ్లాం. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం బయటపడిందేమోనని యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష చేయించారు, లేదని వచ్చింది. కీళ్లవాపు తగ్గించే మెథోట్రెక్సేట్ అనే మందు మొదలుపెట్టారు. వారానికి ఒక్కసారే వేయాలి. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు మూడుసార్లు చెప్పారు. క్యాలెండరులో ఆదివారాల చుట్టూ ఎర్ర పెన్నుతో గీసిపెట్టాను. మధ్యలో రక్తపరీక్షలూ ఉన్నాయి.

మందులకొట్టు:

ఆదివారం మంచి ఎంపికమ్మా, అందరూ ఇంట్లో ఉంటారు. ఫోలిక్ ఆసిడ్ విటమిన్ బిళ్ల కూడా రాశారా? ఏ రోజు వేయమన్నారో అదీ క్యాలెండరులో రాసుకోండి.

కృష్ణాతీరం:

రాశారండి. సోమవారం.

ఈ చర్చలో కదలిక గారు ఆడవాళ్ల గురించి రాసింది నిన్న అమ్మకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ వారం వంట నేనే చేశాను, మీ వదిన లేవలేదు కదా" అంది. ఆ వారం నేను ఇంట్లోనే ఉన్నాను.