హెచ్.ఎల్. సేలర్ గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

అమెరికాలో రైట్ సోదరులు 1903లో ఎగిరారు కదా, ఆ తర్వాత ఆరేళ్ళకే, అంటే 1909లో, చికాగో జర్నలిస్టు హెచ్.ఎల్. సేలర్ పిల్లల కోసం ఎయిర్‌షిప్ బాయ్స్ సిరీస్ మొదలుపెట్టాడు, వేసింది అక్కడి రైలీ అండ్ బ్రిటన్ వాళ్ళు, ఓజ్ అనే మాయాలోకం గురించిన పిల్లల కథలు వేసినవాళ్ళే. యాష్టన్ లామర్ అనే పేరుతో ఏరోప్లేన్ బాయ్స్ రాసింది కూడా ఈయనే. అప్పటికి చాలామంది విమానాన్ని కళ్ళతో కూడా చూసుండరు, అలాంటి టైంలో రాయడం నాకైతే చాలా గొప్ప అనిపిస్తుంది. 1913లో చనిపోయాడు పాపం.

ఈయన పేపర్లలో రాసిన ఆర్టికల్స్ స్కాన్లు ఎక్కడైనా దొరుకుతాయా? విమానాల వివరాలు ఎక్కణ్ణుంచి తీసుకున్నాడో చూడాలనుంది. పాత బొమ్మలతో ఉన్న ఎడిషన్ల లింకులున్నా పెట్టండి ప్లీజ్, మా అబ్బాయికి చదివి వినిపించాలి.