కొత్త సభ్యులు మూడో సమావేశానికి ఎందుకు రావడం లేదు?

ప్రశ్న:
సరదా కోసం వైర్‌లెస్ సెట్లతో మాట్లాడుకునే మా అమెచ్యూర్ రేడియో క్లబ్బుకు నేను కార్యదర్శిని. కొత్తవారు ఉత్సాహంగానే వస్తారు. రెండు సమావేశాలు వెనక వరుసలో కూర్చుని, మూడోదానికి కనిపించరు. పోయిన నెల ఒక అమ్మాయి "ఎస్‌డబ్ల్యూఆర్ అంటే ఏమిటండీ?" అని అడిగితే, ఇద్దరు సీనియర్లు జవాబు చెప్పబోయి, అది (యాంటెన్నాకు పంపిన శక్తి ఎంత వెనక్కి తిరిగి వస్తోందో సూచించే అంకె) ఎంత వరకు ఉంటే ఫరవాలేదన్న విషయం మీద అరగంట వాదించుకున్నారు. ఆమె మళ్లీ రాలేదు. కొత్తవారికి విడిగా తరగతులు పెట్టడం మంచిదంటారా?

సమాధానం 1:
తరగతుల సంగతి తరువాత. ముందు ఒక మనిషిని అప్పగించండి. కొత్తవారికి చేయూతనిచ్చే అనుభవజ్ఞుణ్ణి హామ్‌లు (అమెచ్యూర్ రేడియోవాళ్లు) "ఎల్మర్" అంటారు. 1971లో ఒక అమెరికన్ హామ్ పత్రిక ద్వారా వాడుకలోకి వచ్చిన మాట అది. అయితే క్లబ్బులో అందరికన్నా నిపుణుడే మంచి ఎల్మర్ అవుతాడని అనుకోకండి. కిందటేడు లైసెన్సు పరీక్ష రాసి, తాను ఎక్కడ తడబడ్డాడో ఇంకా మరచిపోనివాడు చాలాసార్లు నయం.

సమాధానం 2:
నేనైతే ఆ అమ్మాయి ప్రశ్నకు నిర్వచనం చెప్పకుండా తీగ చేతికిచ్చేవాడిని. 7.1 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ (మధ్య నుంచి రెండు వైపులా తీగ సాగే యాంటెన్నా) మొత్తం పొడవు సుమారు 20 మీటర్లు, అంటే ఒక్కో వైపు 10 మీటర్లు. కత్తిరించడం తేలిక, అతకడం కష్టం కాబట్టి కాస్త పొడవుగానే ఉంచి, పైకి కట్టి, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ ఎంత ఉందో చూపే ఎనలైజర్‌తో చూడమనాలి. రెండు వైపులా 10 సెంటీమీటర్ల చొప్పున తగ్గిస్తే, ఎస్‌డబ్ల్యూఆర్ అతి తక్కువగా ఉండే ఫ్రీక్వెన్సీ దాదాపు 70 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. అలా రెండు మూడుసార్లు దింపి, కత్తిరించి, మళ్లీ ఎక్కించాక ఆ అంకె 1కి దగ్గరవుతుంటే, పంపిన శక్తి వెనక్కి తిరిగి రావడం తగ్గుతోందని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఒక్కటే షరతు: ఆమె తప్పుగా కొలిచినా సరే, కటింగ్ ప్లేయర్ చేతిలోంచి లాక్కోకూడదు. మన సీనియర్లకు అన్నిటికన్నా కష్టమైన పని అదే.

సమాధానం 3:
పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక మాట. సీనియర్లు కూడా వారమంతా పనిచేసి, తమ సరదా కోసమే వస్తారు. ప్రతి సమావేశాన్నీ ప్రాథమిక పాఠంగా మారిస్తే ఈసారి వాళ్లు రావడం మానేస్తారు. మొదటి అరగంట కొత్తవారికి కేటాయించి, ఆ సమయంలో సీనియర్ల మధ్య చర్చను నిషేధించండి. తరువాత ఎంతసేపు వాదించుకున్నా అభ్యంతరం లేదు.

ప్రశ్న అడిగినవారు:
తీగ మా గదిలోనే చుట్ట చుట్టి పడి ఉంది, ఎనలైజర్ ఒక సభ్యుడి దగ్గర ఉంది. ఆ అమ్మాయి నంబరు హాజరు పుస్తకంలో దొరికింది. నేను కాక, ఆ రోజు వాదించుకున్న ఇద్దరిలో ఒకరే ఫోన్ చేసి ఆమెను పిలవాలని అడిగాను. ఆయన ఒప్పుకున్నారు, కాకపోతే ఎస్‌డబ్ల్యూఆర్ విషయంలో తన మాటే సరైనదని మరోసారి గుర్తుచేశారు.