మా లాబ్రడార్ కుక్కకి స్కిన్ ఇన్ఫెక్షన్, రిపోర్ట్‌లో మెథిసిలిన్ రెసిస్టెంట్ అని వచ్చింది, ఇంట్లో పాప ఉంది

బ్రౌనీ_నాన్న:
అందరికీ నమస్తే. మాది హైదరాబాద్, నాలుగేళ్ల లాబ్రడార్. వానలు మొదలైనప్పటి నుంచి పొట్ట కింద, తొడల్లో చిన్న చీముగుల్లలు, అవి చితికి గుండ్రంగా పొట్టు రేగి అచ్చం తామరలా కనపడితే మేమే తామర అనుకుని మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్ తెచ్చి పూశాం, ఏం లాభం లేదు. తర్వాత డాక్టర్ సెఫలెక్సిన్ ఇచ్చారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది, అమాక్సీక్లావ్‌తోనూ అదే కథ. ఇప్పుడు ఇంకో డాక్టర్ చీము తీసి కల్చర్‌కి (క్రిమిని పెంచి ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష) పంపితే స్టఫైలోకోకస్ సూడింటర్మీడియస్ అంట, మందుల పేర్ల పక్కన వరసగా ఆర్, ఆర్, ఆర్, అంటే రెసిస్టెంట్, ఆ మందుకి లొంగదని. మా అత్తగారు కుక్కని ఊరికి పంపించేయమంటున్నారు, పాపకి ఎనిమిది నెలలు. ఇది హాస్పిటల్స్‌లో వచ్చే ఎంఆర్ఎస్ఏ యేనా?

పశువైద్యం_పదేళ్లు:
కాదండీ, దాని చుట్టం. ఎంఆర్ఎస్ఏ అంటే మెథిసిలిన్‌కి (పెన్సిలిన్ లాంటి మందు) లొంగని స్టఫైలోకోకస్ ఆరియస్, అది ఎక్కువగా మనుషుల ముక్కుల్లో ఉండేది, పెంపుడు జంతువులకి చాలాసార్లు మన దగ్గర్నుంచే అంటుకుంటుంది. మీకొచ్చింది కుక్కల సొంత సరుకు, శుభ్రంగా ఉన్న కుక్క మూతి దగ్గర కూడా దొరుకుతుంది. 2005 దాకా దీనికి ఆ పేరే లేదు, ఇంటర్మీడియస్‌లో కలిపేసేవాళ్లు.

రెండు మందులూ ఎందుకు పని చెయ్యలేదంటే రెండూ పెన్సిలిన్ ఇంటివే. మెక్ఏ అనే జీన్ ఉన్న క్రిమి తన గోడ కట్టే ప్రోటీన్‌ని మార్చేసుకుంటుంది, ఆ కుటుంబంలో మందు ఏదైనా దానికి సరిగ్గా అతుక్కోదు. పేరు మార్చి ఇంకోటి వాడినా అంతే. పైపైన ఉన్న ఇన్ఫెక్షన్ అయితే చాలాసార్లు మాత్రలే అక్కర్లేదు, క్లోర్‌హెక్సిడిన్ షాంపూ వారానికి రెండు మూడు సార్లు, నురగ 10 నిమిషాలు ఒంటి మీదే ఉండాలి, ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. ముఖ్యంగా అలర్జీయో పిడుదులో ఇంకేదో అసలు దురద ఎందుకో చూపించండి, అది వదిలేస్తే ఎన్ని కల్చర్లు చేసినా మళ్లీ ఇక్కడికే వస్తారు. లైనిజోలిడ్ లాంటివి మాత్రం అడగొద్దు ప్లీజ్, అవి మనుషులకి ఆఖర్న మిగిలిన మందులు.

పాప గురించి: ఇది మనుషులకి రావడం అరుదు, వచ్చినా ఎక్కువగా కాటు, పుండు ద్వారానో ఒంట్లో శక్తి లేనివాళ్లకో. తగ్గేదాకా పాప మొహం నాకనివ్వొద్దు, పక్క వేరుగా, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు. పంపించెయ్యక్కర్లేదు.

చింటూ_అక్క:
మావాడికీ ఇదే అయింది బ్రో. 10 నిమిషాలు అని డాక్టర్ ఈజీగా అంటారు గానీ రెండో నిమిషానికే విదిలించేసి బాత్రూమ్ అంతా నురగ, నేను కూడా. చివరికి గోడ టైల్‌కి గడ్డపెరుగు పూసి పెట్టా, అది నాకుతూ నిలబడ్డాడు. నాలుగు వారాలు పట్టింది, ఒక్క మాత్ర వెయ్యలేదు.

గేదెల_రైతు_తెనాలి:
కుక్కల సంగతి తెలీదు గానీ మా గేదెకి పొదుగువాపు వస్తే మేమూ ఇదే తప్పు చేస్తాం, షాపులో ట్యూబు తెచ్చి చనులోకి ఎక్కించడం, పాలల్లో గడ్డలు పోగానే ఆపేయడం. పాలు మాత్రం ఆ పూటే కేంద్రానికి పోసే వాళ్లున్నారు, చెప్తే కోపాలొస్తాయి. దాంట్లో కూడా ఈ స్టాఫ్ (స్టఫైలోకోకస్) ఉంటదా డాక్టర్ గారూ?

పశువైద్యం_పదేళ్లు:
ఉంటదండీ, అది ఆరియస్. అసలు పశువుల్లో ఎంఆర్ఎస్ఏ మొదట బయటపడిందే 1972లో బెల్జియంలో, పొదుగువాపు వచ్చిన ఆవుల పాలల్లో, అదీ మనుషుల నుంచే పాకిందనుకున్నారు. ట్యూబు మీద ఎన్ని రోజులు పాలు పోయకూడదో రాసి ఉంటది చూడండి.

బ్రౌనీ_నాన్న:
థాంక్స్ అండి, అత్తగారికి చదివి వినిపించా, కొంచెం మెత్తబడ్డారు. షాపులో 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ షాంపూ లేదంట, 2 శాతం క్లోర్‌హెక్సిడిన్, మైకోనజోల్ (ఫంగస్ మందు) కలిపింది ఉంది, పర్లేదా?

పశువైద్యం_పదేళ్లు:
పర్లేదు, తెచ్చేయండి. పెరుగు కూడా.